లోడు పెట్టగానే కూలబడే బక్ రెగ్యులేటర్: వోల్టేజి ఎక్కడ పోతోందో పట్టుకునే పద్ధతి

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద పెట్టడానికి తయారుచేసే ఆక్సిజన్ అలారం పెట్టెల్లో అమరిక దాదాపు ఒకేలా ఉంటుంది. షెడ్డులో 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, అక్కడి నుంచి గట్టు వెంట వైరు, పెట్టెలో రెండు ఎల్ఎం2596 బక్ మాడ్యూళ్లు (ఎక్కువ వోల్టేజిని తక్కువకు దించి నిలకడగా ఇచ్చే చిన్న బోర్డులు) ఉంటాయి. ఒకటి 5 వోల్టులకు: రూటర్, కంట్రోలర్, సెన్సర్, రిలే బోర్డు దాని మీద నడుస్తాయి. రెండోది 4 వోల్టులకు, సిమ్ కార్డుతో ఫోను చేసే సిమ్800ఎల్ మోడెమ్ కోసం. బల్ల మీద లోడు లేకుండా కొలిస్తే రెండూ నిక్కచ్చిగా చూపిస్తాయి. పెట్టెను పనిలో పెట్టాక రూటర్ ఆగిపోతుంది, లేదా ఫోను చేయబోయే క్షణంలో మోడెమ్ రీసెట్ అవుతుంది. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే. రైతును నిద్రలేపాల్సిన ఫోను సరిగ్గా అప్పుడే రాకపోతే చెరువు మొత్తం పోవచ్చు. అందుకే ఈ లోపాన్ని పైపైన సర్దేసి వదలకూడదు.

సాధారణంగా జరిగేదేమిటంటే, వోల్టేజి పడగానే ఐసీ (మాడ్యూలు మీది రెగ్యులేటర్ చిప్పు) మార్చేస్తారు. తగ్గకపోతే పెద్ద కెపాసిటర్ వేస్తారు. అదీ కాకపోతే '5 ఆంపియర్ల' మాడ్యూలు కొంటారు. వీటిలో ఏదో ఒకటి పనిచేసినా అసలు తప్పు ఎక్కడుందో తెలియదు, తర్వాతి పెట్టెలో అదే మళ్లీ వస్తుంది. వోల్టేజి పోయే చోట్లు మూడే: రెగ్యులేటర్‌కు ముందు, రెగ్యులేటర్‌లో, రెగ్యులేటర్ తర్వాత. ఆ చోటు తేలేదాకా సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోవద్దు.

ముందు లోడు కావాలి

పరీక్షకు అసలు పరికరాన్నే లోడుగా వాడితే దాని కరెంటు క్షణక్షణం మారుతూ కొలతలు నిలవవు. 10 ఓములు, 10 వాట్ల సిమెంటు రెసిస్టర్లు ఆరు తెచ్చుకోండి. 5 వోల్టుల మీద ఒక్కోటి 0.5 ఆంపియర్ తీసుకుంటుంది. ఒకటొకటిగా పక్కపక్కన కలుపుకుంటూ పోతే అర ఆంపియర్ మెట్లలో 3 ఆంపియర్ల దాకా వెళ్లవచ్చు. ఒక్కోదానిలో 2.5 వాట్లే ఖర్చవుతాయి గానీ చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. ప్లాస్టిక్ బల్ల మీద కాకుండా టైలు ముక్క మీద పెట్టండి.

బైకు ఇండికేటర్ బల్బును లోడుగా వాడే అలవాటుంది. ఈ పనికి అది వద్దు. చల్లగా ఉన్న ఫిలమెంటు మొదటి క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు మంచి రెగ్యులేటర్ కూడా ఒకసారి కుంగుతుంది, మీరు లేని లోపాన్ని వెతుకుతారు.

బ్యాటరీకి బదులు బెంచి సప్లై వాడుతుంటే దాని కరెంటు లిమిట్ కనీసం 3 ఆంపియర్లకు పెట్టండి. 5 వోల్టులు, 3 ఆంపియర్లు అంటే 15 వాట్లు. ఎల్ఎం2596 సామర్థ్యం ఈ చోట 80 శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి లోపలికి దాదాపు 18.75 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 1.56 ఆంపియర్లు వెళ్లాలి. '12 వోల్టులు 1 ఆంపియర్' అడాప్టర్ ఈ లోడు మోయలేదు, మొరాయిస్తుంది. ఆ తప్పు రెగ్యులేటర్‌ది కాదు.

నాలుగు చోట్ల కొలత

లోడు ఉన్నప్పుడే, లోడు మెట్టు మార్చిన ప్రతిసారీ, ఈ నాలుగు చోట్లా డీసీ వోల్టేజి రాసుకోండి:

1. బ్యాటరీ టెర్మినళ్ల మీద (క్లిప్పుల మీద కాదు, బ్యాటరీ కాళ్ల మీదే).
2. ఐసీ 1వ కాలు, 3వ కాలు మధ్య. 1 ఇన్‌పుట్, 3 గ్రౌండ్.
3. అవుట్‌పుట్ కెపాసిటర్ రెండు కాళ్ల మీద.
4. లోడు దగ్గర, దాని సొంత టెర్మినళ్ల మీద.

మీటరు నల్ల ప్రోబును ఒకేచోట కట్టేసి ఎర్రదాన్ని మాత్రమే తిప్పకూడదు. అలా చేస్తే గ్రౌండు వైరులో పోయే వోల్టేజి మీ లెక్కలోకి రాదు. చాలా పెట్టెల్లో సగం నష్టం గ్రౌండులోనే ఉంటుంది.

1కీ 2కీ మధ్య తేడా పెద్దదైతే వైరు, ఫ్యూజు, రక్షణ డయోడు చూడాలి. 2 బాగుండి 3 పడితే రెగ్యులేటర్‌ను చూడాలి. 3 నిలబడి 4 పడితే రెగ్యులేటర్‌ను వదిలేసి అవుట్‌పుట్ వైర్లు, బ్రెడ్‌బోర్డు, రాగి ట్రాకులు చూడాలి. ఆరోగ్యంగా ఉన్న ఎల్ఎం2596లో 3వ చోట సున్నా నుంచి 3 ఆంపియర్ల దాకా తేడా కొన్ని పదుల మిల్లీవోల్టులు దాటదు.

ఒక మెలిక ఉంది. బక్ రెగ్యులేటర్‌కు ఇన్‌పుట్ కొంత పడినా నష్టం లేదు. 5 వోల్టులు ఇవ్వడానికి ఐసీ లోపలి స్విచ్ మీద పోయే ఒకటింబావు వోల్టు, ఇండక్టర్ (మాడ్యూలు మీది తీగచుట్ట) మీద కొద్దిగా కలిపి 7 వోల్టులుంటే చాలు. కాబట్టి 2వ చోట 10 వోల్టులున్నా 3వ చోట 5 రావడం లేదంటే వైరును నిందించకండి. అదే కారణంగా 12 వోల్టుల కెమెరాను బ్యాటరీ నుంచి బక్ ద్వారా నడపాలని చూడడం వృథా. బ్యాటరీ 12 దగ్గరుంటే బక్ నుంచి పదిన్నరకు అటూ ఇటూ మాత్రమే వస్తుంది. దానికి వోల్టేజిని దించడమూ పెంచడమూ రెండూ చేసే బక్-బూస్ట్ రకం కావాలి.

పడే తీరు

రాసుకున్న అంకెల్లో చోటుతో పాటు తీరు కూడా చూడాలి. కరెంటు పెరిగిన కొద్దీ సమానంగా, గీత గీసినట్టు పడుతుంటే అది రెసిస్టెన్సు: వైరు, కాంటాక్టు, ట్రాకు. 2 ఆంపియర్ల దాకా కదలకుండా ఉండి ఆ తర్వాత ఒక్కసారిగా జారిపోతే ఇండక్టర్ సాచురేషన్ (కోరు అయస్కాంతంతో నిండిపోయి ఇక కరెంటును అదుపు చేయలేకపోవడం) లేదా ఐసీ తనకు తాను పెట్టుకున్న కరెంటు లిమిట్. మొదట అంతా బాగుండి పది పదిహేను నిమిషాలకు పడి, కాసేపటికి మళ్లీ లేస్తే వేడి. మీటరులో ఏమీ కనిపించకుండా పరికరం మాత్రం రీసెట్ అవుతుంటే మిల్లీసెకను లోపు వచ్చే గుంట. మాడ్యూలు సన్నగా ఈల వేస్తుంటే అవుట్‌పుట్‌ను చూసి సరిదిద్దే లూప్ ఊగుతోంది, లేదా ఐసీ కరెంటు లిమిట్‌లోకి వెళ్లివస్తోంది.

రెగ్యులేటర్‌కు ముందు: సన్న వైరు

1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరుకు సుమారు 17 మిల్లీఓములు. రానూ పోనూ రెండు తీగలు లెక్కలోకి వస్తాయి. షెడ్డు నుంచి పెట్టెకు 40 మీటర్లుండి 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగితే, 80 మీటర్లకు దాదాపు 2.75 ఓములు. మామూలు లోడైతే కొంత వోల్టేజి పోయి మిగతాది అందేది. బక్ అలా కాదు. ఇన్‌పుట్ తగ్గితే అది అంతే వాట్ల కోసం ఎక్కువ కరెంటు లాగుతుంది, అందువల్ల వైరులో నష్టం పెరిగి ఇన్‌పుట్ ఇంకా తగ్గుతుంది. ఒక వైరు గుండా అందగల గరిష్ఠ శక్తి, వోల్టేజి వర్గాన్ని నాలుగు రెట్ల రెసిస్టెన్సుతో భాగిస్తే వస్తుంది. ఇక్కడ 144ను 11తో భాగిస్తే 13 వాట్లు. మీకు కావాల్సింది 18.75. కాలవ సన్నగా ఉంటే తూము ఎంత ఎత్తినా శివారు చేనుకు నీరందనట్టే, ఐసీని ఎన్నిసార్లు మార్చినా ఆ శక్తి పెట్టెదాకా రాదు. ఇన్‌పుట్ 5.4 దగ్గరకు, అవుట్‌పుట్ 4 దగ్గరకు దిగి, స్విచ్ పూర్తిగా ఆన్‌లోనే ఉండి అక్కడే వేలాడుతుంది.

దీనికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయాలి (అదే దూరానికి 0.55 ఓము). అంతకన్నా మంచి పని బ్యాటరీని పెట్టె పక్కకే తెచ్చుకుని, సన్న వైరును చార్జింగుకు మాత్రమే వాడుకోవడం.

వైరు సరిగానే ఉంటే ఫ్యూజు హోల్డరు చూడండి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి గాజు ఫ్యూజు క్లిప్పులు త్వరగా పచ్చబడతాయి. క్లిప్పు రెండు వైపులా మీటరు పెట్టి, లోడులో 0.1 వోల్టు దాటితే హోల్డరు మార్చేయండి. రుద్ది శుభ్రం చేస్తే కొద్ది రోజులే ఆగుతుంది. తిరగేసి కలపకుండా పెట్టిన డయోడు 1ఎన్4007 అయితే అది 1 ఆంపియర్‌దే. దాని చోట 1ఎన్5822 వేయండి. బ్యాటరీ కాళ్ల మీదే 2 ఆంపియర్లకు అర వోల్టు కన్నా ఎక్కువ పడితే బ్యాటరీ ముసలిదైంది.

మాడ్యూలు దగ్గర ఇన్‌పుట్ కెపాసిటర్ మరిచిపోకూడదు. బక్ ఇన్‌పుట్ కరెంటును ముక్కలుగా లాగుతుంది. 3 ఆంపియర్ల లోడులో ఆ కెపాసిటర్‌లో తిరిగే రిపుల్ కరెంటు (ఆగకుండా వచ్చీపోయే అల) దాదాపు 1.5 ఆంపియర్లు. చవక మాడ్యూళ్ల మీదుండే చిన్న 100 మైక్రోఫారడ్‌లది అది మోయలేదు, వేడెక్కి ఎండిపోతుంది. 470 మైక్రోఫారడ్‌లు, 35 వోల్టులు, 105 డిగ్రీల లో-ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్సు తక్కువగా ఉండే) రకం ఒకటి ఐసీ కాళ్లకు రెండు సెంటీమీటర్ల లోపు వేయండి.

రెగ్యులేటర్‌లో: ఇండక్టర్, ఫ్రీక్వెన్సీ

ఎల్ఎం2596 పనిచేయాల్సింది 150 కిలోహెర్ట్జ్ దగ్గర. బజారులో ఆ పేరు అచ్చేసిన చిప్పుల్లో 50 కిలోహెర్ట్జ్ చుట్టూ తిరిగేవి దొరుకుతున్నాయి. అది పాత ఎల్ఎం2576 వేగం. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ముందు ఇది తేల్చుకోవాలి. 1 ఆంపియర్ లోడు పెట్టి, ఐసీ 2వ కాలు (స్విచ్ అవుట్‌పుట్) మీద స్కోపు(ఆసిలోస్కోప్)తోనో, ఫ్రీక్వెన్సీ కొలిచే మీటరుతోనో చూడండి. లోడు లేకుండా చూస్తే స్విచ్ ఆగినప్పుడు వచ్చే ఊగులాట మీటరును తప్పుదారి పట్టిస్తుంది.

ఈ వేగం ఎందుకంత ముఖ్యమో లెక్క చూస్తే తెలుస్తుంది. 12 నుంచి 5కి దించేటప్పుడు స్విచ్ 48 శాతం కాలం ఆన్‌లో ఉంటుంది. అప్పుడు ఇండక్టర్ మీద 5.9 వోల్టులుంటాయి. 150 కిలోహెర్ట్జ్‌లో ఆన్ కాలం 3.2 మైక్రోసెకన్లు. 33 మైక్రోహెన్రీలకు కరెంటు ఊగేది 0.57 ఆంపియర్. అంటే 3 ఆంపియర్ల లోడులో శిఖరం 3.3. అదే 52 కిలోహెర్ట్జ్ అయితే ఆన్ కాలం 9.2 మైక్రోసెకన్లు, ఊగేది 1.65, శిఖరం 3.8 దాటుతుంది. 3 ఆంపియర్లకు సాచురేట్ అయ్యే చిన్న ఇండక్టర్ అక్కడ కోరు నిండిపోయి ఉత్త తీగలా మిగులుతుంది. కరెంటు నిట్టనిలువుగా లేస్తుంది, 4.5 ఆంపియర్ల చుట్టూ ఉన్న ఐసీ లిమిట్ తగులుతుంది, ఐసీ పల్సును మధ్యలోనే కోసేస్తుంది, ఫ్రీక్వెన్సీ కూడా తగ్గించుకుంటుంది. అవుట్‌పుట్ పడేది ఇందువల్లే. 1 ఆంపియర్ దగ్గర ఉన్న ఫ్రీక్వెన్సీ 2.5 దగ్గర తగ్గిపోయిందంటే ఐసీ లిమిట్‌లో ఉందన్నమాట.

స్కోపు ఉంటే ఇండక్టర్‌కు వరుసలో, అవుట్‌పుట్ వైపు కాలులో, 0.1 ఓము రెసిస్టర్ పెట్టి దాని రెండు చివరల తేడా చూడండి (రెండు చానెళ్లు తీసివేత పెట్టి, గ్రౌండు క్లిప్పును అక్కడ కలపొద్దు). మంచి ఇండక్టర్‌లో తిన్నని త్రికోణాలు కనిపిస్తాయి. సాచురేట్ అవుతుంటే త్రికోణం కొన సూదిలా పైకి లేస్తుంది. స్కోపు లేకపోతే 47 లేదా 68 మైక్రోహెన్రీలు, సాచురేషన్ 5 ఆంపియర్లు ఉన్న కప్పు గల ఫెర్రైట్ ఇండక్టర్ వేసి మళ్లీ 3 ఆంపియర్ల దాకా నడపండి. జారుడు పోతే జవాబు దొరికినట్టే. చిప్పు 50 కిలోహెర్ట్జ్‌దైతే 100 మైక్రోహెన్రీలు కావాలి. పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీసిన పసుపు-తెలుపు రింగుల మీద చుట్టుకోవడం పొదుపే గానీ, ఆ ఇనుపపొడి కోరు 150 కిలోహెర్ట్జ్‌లో ఎక్కువ రిపుల్ ఉంటే బాగా వేడెక్కుతుంది. మూసిన పెట్టెలో వద్దు.

డయోడు సంగతి చిన్నదే. వేగంగా ఆరిపోయే షాట్కీ రకం ఉండాలి: 1ఎన్5822, లేదా ఎస్ఎస్34. అక్కడ 1ఎన్4007 వేస్తే, ఈ వేగానికి అది ఆరిపోవడానికే సమయం చాలదు. ఐసీ, డయోడు రెండూ కాలిపోతాయి.

అవుట్‌పుట్ కెపాసిటర్ 220 మైక్రోఫారడ్‌ల పైన, లో-ఈఎస్ఆర్ ఎలక్ట్రోలిటిక్ ఉండాలి. రిపుల్ తగ్గుతుందని దాన్ని తీసేసి ఉత్త సెరామిక్‌లు వేయకండి. ఎల్ఎం2596 లూప్ స్థిరంగా ఉండడానికి ఆ కెపాసిటర్‌లోని కొద్దిపాటి ఈఎస్ఆర్ మీదే ఆధారపడుతుంది. ఈల వేసే మాడ్యూళ్లలో కొన్నింటి రోగం ఇదే.

వేడి

3 ఆంపియర్ల దగ్గర ఐసీ స్విచ్ మీద 1.16 వోల్టులు పోతాయి. 48 శాతం కాలానికి 1.7 వాట్లు. చిన్న బోర్డు మీద వాటుకు 50 డిగ్రీల పెరుగుదల వేసుకున్నా 85 డిగ్రీలు. ఏసీ గదిలో 25 డిగ్రీలుంటే ఐసీ లోపల 110. రోహిణి కార్తెలో ఎండలో మూసి ఉన్న పెట్టెలో గాలే 60 దాటవచ్చు, అప్పుడు 145. వేడి మితిమీరితే ఐసీ తనంతట తానే ఆగిపోయే థర్మల్ షట్‌డౌన్ 150 చుట్టూ. కాలేజీ ల్యాబులో రోజంతా నడిచిన పెట్టె గట్టు మీద మధ్యాహ్నానికి ఆగిపోవడంలో వింతేమీ లేదు.

పరీక్ష సులువు. పడినప్పుడు టేబుల్ ఫ్యాను తిప్పండి. నిమిషం రెండు నిమిషాల్లో వోల్టేజి లేస్తే కారణం వేడే. ఈ ఐసీ వీపు రేకు గ్రౌండే కాబట్టి గ్రౌండు చేసిన అల్యూమినియం పలకకు నేరుగా బిగించవచ్చు, మధ్యలో మైకా అక్కర్లేదు. మాడ్యూలైతే అడుగున థర్మల్ ప్యాడ్ వేసి పలకకు అదమండి. పలక పెట్టె బయటి గోడను తాకాలి. పెట్టె తెల్లరంగుది కావాలి, పైన నీడరేకు ఉండాలి. ఇన్ని చేసినా మూసిన పెట్టెలో ఎల్ఎం2596ను నిరంతరంగా 2 ఆంపియర్లు దాటించకపోవడం మేలని మా అభిప్రాయం. అంతకుమించి కావాలంటే ఎల్ఎంఆర్33630 లాంటి సింక్రనస్ (డయోడుకు బదులు రెండో స్విచ్ ఉండే) రకానికి వెళ్లండి. డయోడు నష్టం ఉండదు, వేడి బాగా తగ్గుతుంది. అలాంటి చిప్పులను బ్రెడ్‌బోర్డు మీద మాత్రం పరీక్షించకూడదు. డేటాషీటు చూపిన లేఅవుట్‌తో బోర్డు కొట్టించాల్సిందే.

రెగ్యులేటర్ తర్వాత

బ్రెడ్‌బోర్డు, సన్న జంపర్లు అర ఆంపియర్ దాటిన పనికి పనికిరావు. బోర్డు మీద ట్రాకులకూ లెక్క ఉంది: 35 మైక్రాన్ల రాగిలో ఒక్కో చతురస్రానికి అర మిల్లీఓము. 0.3 మిల్లీమీటర్ల వెడల్పు, 60 మిల్లీమీటర్ల పొడవు అంటే 200 చతురస్రాలు, 100 మిల్లీఓములు. 3 ఆంపియర్లకు 0.3 వోల్టు అక్కడే పోయింది. 3 మిల్లీమీటర్ల వెడల్పు చేస్తే పదో వంతుకు దిగుతుంది. సొంతంగా గీసే బోర్డులో ఫీడ్‌బ్యాక్ ట్రాకును (అవుట్‌పుట్ ఎంతుందో ఐసీకి చెప్పేదాన్ని) లోడు కనెక్టరు దగ్గర నుంచి తీసుకోండి, ఇండక్టర్ కిందుగా పోనివ్వకండి.

మోడెమ్ గుంట

సిమ్800ఎల్‌కు 3.4 నుంచి 4.4 వోల్టులు కావాలి. ప్రసారం చేసేటప్పుడు ప్రతి 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి, 577 మైక్రోసెకన్ల పాటు, 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. మీటరు సగటు చూపిస్తుంది కాబట్టి ఆ గుంట దానికి కనబడదు. స్కోపు లేనివాళ్లు మోడెమ్‌నే అడగవచ్చు: కాల్ నడుస్తుండగా ఏటీ+సీబీసీ కమాండు ఇస్తే తనకు అందే వోల్టేజిని మిల్లీవోల్టుల్లో చెబుతుంది. సన్న గుంటల లోతు పూర్తిగా తెలియకపోయినా దారి తెలుస్తుంది.

పెద్ద కెపాసిటర్ ఒక్కటే దీనికి మందు కాదు. 1000 మైక్రోఫారడ్‌లది ఒక్కటే 2 ఆంపియర్లను 577 మైక్రోసెకన్లు మోస్తే 1.15 వోల్టులు పడుతుంది. పైగా దాని ఈఎస్ఆర్ 0.1 ఓము ఉంటే మరో 0.2. మాడ్యూలుకూ మోడెమ్‌కూ మధ్య వైర్లలో 0.3 ఓము ఉంటే 4.0 కాస్తా 3.4 అవుతుంది. అందుకని మూడూ కలిపి చేయాలి: మధ్య వైరు 5 సెంటీమీటర్లు దాటకుండా, 1 చదరపు మిల్లీమీటరు మందంతో, మోడెమ్ కాళ్ల మీదే 1000 మైక్రోఫారడ్‌ల లో-ఈఎస్ఆర్ కెపాసిటర్, పక్కన 100 నానోఫారడ్ సెరామిక్, మోడెమ్ గ్రౌండు సెన్సర్ గ్రౌండుతో కలవకుండా నేరుగా రెగ్యులేటర్ దాకా.

స్కోపుతో చూసేవాళ్లు ప్రోబు పొడుగాటి గ్రౌండు క్లిప్పు తీసేసి చిన్న స్ప్రింగు వాడాలి, 20 మెగాహెర్ట్జ్ పరిమితి పెట్టాలి. లేకపోతే ఇండక్టర్ చుట్టూ ఉన్న గోలంతా తెరమీద కనిపించి, లేని రిపుల్ ఉన్నట్టు భ్రమ పెడుతుంది.

గట్టుకు తీసుకెళ్లే ముందు

మాడ్యూలు మీదున్న నీలం ట్రిమ్మర్ (వోల్టేజి సర్దే చిన్న తిప్పుడు రెసిస్టర్) తీసేయండి. తేమకు దాని కాంటాక్టు పాడైతే వోల్టేజి పడడమే కాదు, ఒక్కోసారి పైకి పోయి మోడెమ్‌ను కాల్చేస్తుంది. 4.0 వోల్టులకు, గ్రౌండు వైపు 1.2 కిలోఓములు, అవుట్‌పుట్ వైపు 2.7 కిలోఓములు, 1 శాతం రకం వేస్తే సరిపోతుంది (1.23ను 3.25తో గుణిస్తే 3.9975).

తర్వాత పెట్టె మూసి, ఎండలో పెట్టి, మీ అసలు లోడుకు పాతిక శాతం ఎక్కువ లోడుతో గంటసేపు నడపండి. ఒకసారి ఇన్‌పుట్ 11 వోల్టులతో, మరోసారి సోలార్ చార్జింగు వేళ వచ్చే 14.4తో. రెండింటిలోనూ నాలుగు చోట్ల కొలతలు మొదట్లో, చివర్లో రాసుకోండి. ఏరేటర్ ప్యానెల్ పక్కనే పనిచేయాల్సివస్తే అందులో 415 వోల్టులున్నాయి, మెయిన్ దించాకే పెట్టె తెరవండి. 3వ చోట తేడా 50 మిల్లీవోల్టుల లోపు, 4వ చోట 100 లోపు ఉంటేనే బోర్డుకు తేమ తగలకుండా పూత వేయండి. పూత వేసేటప్పుడు కనెక్టర్లకు టేపు చుట్టండి, రెండు పలచని పొరలు వేయండి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది.